రేగడి పెరట్లో లంక పాదు

మా ఆయనకు మహారాష్ట్రలోని చంద్రపూర్ బదిలీ అయిందని తెలిసినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంటికి పెరడుందా?" అని. ఆయన ముందుగా వెళ్ళి ఇల్లు కుదుర్చుకుని ఫోను చేశారు. "పెరడుంది. అందులో ఏమీ లేదు," అన్నారు. ఏమీ లేకపోవడమే కదా నాకు కావలసింది! ఇంకొకరు పెట్టిన మొక్కలకు నీళ్ళు పోస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. సామాన్లు సర్దేటప్పుడు గిన్నెల కన్నా ముందు గింజల డబ్బా సర్దుకున్నాను. పొట్ల, కాకర, ఆనప, బెండ, తోటకూర, గోంగూర, అన్నీ మా ఊరి గింజలే.

మాది గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు. వరద వచ్చి తగ్గిపోయాక మిగిలే ఒండ్రుమట్టిలో మనిషి చేయవలసిన పని పెద్దగా ఉండదు. దోసపండు తిని గింజ ఉమ్మితే వారం తిరిగేసరికి మొలక కనిపిస్తుంది. అలాంటి నేల మీద పుట్టి, మొలకెత్తడం తన గొప్ప అనుకునే మనిషిని నేను. ఎవరింట్లో పాదు ఎక్కకపోయినా నన్ను పిలిచి గింజ పెట్టించుకునేవారు. నాది చేతి చలవ అని పేరు. ఆ పేరును ఎవరూ మరిచిపోకుండా మధ్య మధ్య నేనే గుర్తు చేస్తుండేదాన్ని.

ఉగాది ముందు ఆ ఊళ్ళోని బాబుపేట్‌లో ఆ ఇంట్లో దిగాం. ముందు వాటాలో ఇంటివాళ్ళు, వెనక వాటాలో మేము. ఇంటి పెద్దాయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళయిన కొత్తలో మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఆయన పెద్దగా మాట్లాడరు. ఆయన వాటా మాటలు కూడా వాళ్ళావిడే మాట్లాడేస్తుంది. దిగిన రోజు సాయంత్రం నేను వెనక తలుపు తీసి పెరడు చూస్తుంటే ఆవిడ వచ్చి పక్కన నిలబడింది. నేల నల్లగా ఉంది. పగుళ్ళలో నా కాలి వేళ్ళు పట్టేటట్టున్నాయి.

"పెద్దమ్మగారూ, ఈ పెరడు మేం వాడుకోవచ్చాండీ?" అన్నాను.

"గారు గీరు ఎందుకే బిడ్డా, పెద్దమ్మ అను, చాలు. బట్టలు ఆరేసుకో. గదిగూడ దసరా దాంకనే. దసరా కాంగనే జాగంత గచ్చు చేపిస్తున్నం. మేస్త్రీకి చెప్పిన గూడ."

"గచ్చెందుకండీ? బంగారంలాంటి నేల!"

"బంగారమా?" ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వానలు పడనియ్యి, నీకే తెలుస్తది. గీ నల్లమట్టి వంటింట్లకు వస్తది, మంచం మీదికి గూడ వస్తది. పాములొస్తయి. కడిగి కడిగి నా నడుము ఇరిగింది."

"అయితే దసరాలోగా ఇక్కడ కూరగాయలు పండించి చూపిస్తాను. అప్పుడు గచ్చు మాట మీరే మరిచిపోతారు," అన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

ఆ వారంలోనే గింజలు వేశాను. గునపం దించితే ఖంగుమంది. రాత్రి నీళ్ళు పట్టి, పొద్దున తవ్వి, మళ్ళీ నీళ్ళు పట్టి, పట్టినన్ని నీళ్ళూ ఆ పగుళ్ళు తాగేస్తుంటే ముద్దు వచ్చింది కూడా, పాపం ఎంత దాహమో అని. మొలకలు వచ్చాయి. రెండాకులు వేశాయి. నేను ఇంటావిడను పిలిచి చూపించి, ఊరికి ఫోను చేసి మా అక్కకు చెప్పి, మా ఆయన చేత ఫొటో తీయించాను. తరవాత చైత్రం ఎండలు ముదిరాయి.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు మా వైపు. ఇక్కడి ఎండ రోహిణి వచ్చేదాకా ఆగదు. పొద్దున తొమ్మిదికే వీధిలో మనుషులు ముఖాలకు గుడ్డలు చుట్టుకుని దొంగల్లా తిరుగుతారు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే కాఫీకి సరిపోయే నీళ్ళు వస్తాయి. నా తోటకూర మొలకలు మడిలో నిలబడి ఉండగానే అప్పడాల్లా ఎండిపోయాయి. ముట్టుకుంటే పొడి. నేనూరుకుంటానా? పాత చీరలు నాలుగు తీసి కర్రలకు పందిరిలా కట్టాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, "మొక్కలకు కోకలు పెట్టావు, బాగుంది. ఇక పసుపు కుంకుమ పెట్టి పేరంటం పిలువు," అన్నారు. పేరంటానికి ఎవరూ మిగల్లేదు. బెండ పోయింది, గోంగూర పోయింది, చివరికి చీరలు కూడా రంగు పోయాయి.

ఆ రోజుల్లో నాకు ఏడుపొచ్చేది. మొక్కల కోసమే కాదు. బజారుకు వెళితే మరాఠీ రాదు. హిందీలో బేరమాడితే కూరగాయలామె నవ్వి తను చెప్పిన ధరకే ఇచ్చేది. ఇరుగుపొరుగు తెలుగువాళ్ళే అయినా వాళ్ళ మాట వేగం నాకు అందేది కాదు, నా సాగదీత వాళ్ళకు నవ్వు తెప్పించేది. మా ఊళ్ళో నేనంటే ఒక లెక్క ఉండేది. ఇక్కడ ఆ పెరడు కూడా పోతే నాకంటూ ఏ పనీ, ఏ గొప్పా మిగలవు. వంట చేసి, కూలరు ముందు కూర్చుని, సాయంత్రానికి ఎదురుచూసే మనిషినైపోతాను. ఆ మాట మా ఆయనతో అనలేదు. అంటే ఆయన బదిలీ కాగితం గురించి బాధపడతారు.

ఆ కూలరే నన్ను నిలబెట్టింది. ఇక్కడ ప్రతి ఇంటి కిటికీకీ ఒక కూలరు తగిలించి ఉంటుంది. మా కూలరు అడుగున చిల్లి పడి పగలూ రాత్రీ పెరట్లోకి నీళ్ళు కారేవి. బాగుచేయించమని మా ఆయనను సతాయిస్తూనే, వాడేసిన పుదీనా కాడలు అక్కడ పారేశాను. ఓ పొద్దున చూస్తే అవి లేచి నిలబడి ఉన్నాయి! గోడ నీడ, కూలరు తడి, చల్లగాలి. ఊరంతా మాడిపోతుంటే నా పుదీనా మాత్రం అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా దర్జాగా పెరిగింది. చిల్లి బాగుచేయడానికి మనిషి వస్తే గుమ్మంలోంచే పంపించేశాను.

గనుల ఊరు కదా, గాలిలో బొగ్గు నుసి ఉంటుంది. తెల్లవారేసరికి ఆకుల మీద సన్నగా నల్లటి పొడి. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో పుదీనా ముఖం తుడిచేదాన్ని. ఒక పిడికెడు కోసి ఇంటావిడకు పట్టుకెళ్ళి ఇచ్చాను, గర్వంగా.

ఆవిడ వాసన చూసింది. "మంచిగున్నది," అంది. "గని ఆకు మేకకు గూడ దొరుకుతది బిడ్డా. కాయ చూపియ్యి. దసరా దాంక నీ చెట్టుకు ఒక్క కాయ నిలబడ్డదనుకో, గచ్చు బంద్. లేకుంటె నువ్వు మల్ల నోరెత్తొద్దు."

"ఏ కాయైనా సరేనా?"

"ఏ కాయైనా సరే. చెట్టుకు నిలబడాలె, గంతే."

ఒక్క కాయ! లంకమనిషికి ఒక్క కాయ షరతు పెట్టడమంటే చేపకు ఈత పరీక్ష పెట్టడమే అనుకున్నాను. మృగశిరకు వాన పడింది. మొదటి చినుకులకు ఆ నల్లనేల వదిలిన వాసనకు నేను వానలోనే నిలబడిపోయాను. పగుళ్ళు మూసుకున్నాయి. గునపం వెన్నలోకి దిగినట్టు దిగింది. ఆ ఆనందంలో వరసగా పాదులు తవ్వాను, మా ఊళ్ళో మా నాన్న తవ్వినట్టే. గుండ్రంగా, పళ్ళెంలా లోతుగా, చుట్టూ గట్టు. మా లంకలో పాదు అంటే అదే. పోసిన నీళ్ళు పక్కకు పోకుండా వేరుకు అందాలి. తవ్వి తీసిన మట్టి అడ్డంగా ఉంటే వెనక గోడ వారకు విసిరేశాను. వంటింటి తొక్కలూ తుక్కూ కూడా ఆ కుప్ప మీదే పోసేదాన్ని.

పొట్ల, కాకర, ఆనప మూడూ మొలిచాయి. ఈసారి ఎవరికీ ఫోను చేయలేదు, బుద్ధి వచ్చింది. ఆషాఢంలో ముసురు పట్టింది. మా ఊళ్ళో వాన వెలిసిన గంటకు పాదులో నీళ్ళు ఇంకిపోతాయి. ఈ రేగడి ఎండాకాలమంతా తాగి తాగి కడుపు నిండినట్టుంది, ఇక చుక్క దించదు. నా అందమైన పాదులన్నీ చెరువులయ్యాయి. చెంబుతో తోడి పోస్తే అరగంటలో మళ్ళీ నిండేవి. చెప్పులకు మట్టి అంటుకుని ఒక్కొక్కటీ ఇటుకంత బరువు. గుమ్మంలోకి, వంటింట్లోకి, ఆవిడ చెప్పినట్టే మంచం మీదికి కూడా వచ్చింది ఆ మట్టి.

"కూరగాయలు కాకపోతే మానె, రెండు బొచ్చె చేపపిల్లల్ని వదులుదాం," అన్నారు మా ఆయన కిటికీలోంచి. చెంబెడు నీళ్ళు ఆయన మీద పోశాను.

మొక్కలు పసుపు రంగుకు తిరిగాయి. పీకి చూస్తే వేరు మెత్తగా కుళ్ళిపోయి ఉంది. పొట్లపాదు ఒక్కటి ఇంకా ఊపిరితో ఉంటే దానికి పేనుబంక పట్టింది. బూడిద చల్లితే పోతుందని మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. ఇంటివాళ్ళ ముందు గదిలో సిగ్డీ ఉంది, బొగ్గుల పొయ్యి. అందులోని బూడిద చేటెడు అడిగి తెచ్చి ఆకుల మీదా మొదలు చుట్టూ ధారాళంగా పోశాను. మా ఇళ్ళలో బూడిదంటే పిడకలదీ కట్టెలదీ. ఇది రాతిబొగ్గుదని నాకు తట్టనే లేదు. వాన పడి, ఎండ కాసేసరికి మొదలు చుట్టూ గట్టిగా పెచ్చు కట్టింది. వేలితో కొడితే టకటకమంటోంది. ఇంటావిడ వచ్చి కాలితో తట్టి చూసింది. "నేను దసరాకు చేపిస్త అన్న గచ్చు నువ్వు గిప్పుడే చేస్తివి గదనే!" అని ఎంత నవ్విందంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. తరవాత వంటింట్లోకి వచ్చి తలుపేసుకుని నేనూ నవ్వాను.

ఆ మండిపాటుతోనే మర్నాడు పెరడంతా కలుపు పీకుతున్నాను. వెనక గోడ వారన నేను విసిరేసిన మట్టికుప్ప మీద ఏదో పచ్చగా మిలమిలలాడుతోంది. గుమ్మడి మొక్క. అరచేయంత ఆకులు, చూపుడువేలంత లావు తీగ, అప్పుడే గోడ వైపు చెయ్యి చాస్తోంది. నేను పెట్టలేదు. ఎప్పుడో కూర వండి పారేసిన గింజ. నీళ్ళు పోయలేదు, పలకరించలేదు, ముఖం తుడవలేదు. చేతి చలవ చూపించిన చోటల్లా చచ్చిపోయి, చెత్త పారేసిన చోట ఇంత ఏపుగా! మొదట నాకు ఆ మొక్క మీద కోపం వచ్చింది. పక్కనే కూర్చుని కుప్పను తవ్వి చూశాను. పైన వాన, కింద తడి, మధ్యలో వేరుకు గాలి. నీళ్ళు జారి కిందికి పోతున్నాయి. నేను పాదులు ఎక్కడ తవ్వానో అక్కడ కాదు, తవ్విన మట్టి ఎక్కడ పోశానో అక్కడ ఉంది పాదు.

ఆ రోజు నేను లేచి గెంతాను. నిజంగానే గెంతాను, వయసు సంగతి మరిచిపోయి. సాయంత్రానికల్లా గుంటలన్నీ పూడ్చి మట్టిని దిబ్బలుగా ఎగదోశాను. నడుం విరిగింది కానీ నిద్ర పట్టలేదు, ఎప్పుడు తెల్లవారుతుందా అని. శ్రావణంలో ఆ దిబ్బల మీద మళ్ళీ చల్లిన గోంగూర మోకాలెత్తు లేచింది. ఎంత కోసినా తరగదు. బజారులో దాన్ని అంబాడి అంటారు, మా ఇంటావిడ పుంటికూర అంటుంది. ఏ పేరుతో పిలిచినా పులుపు మా ఊరిదే. వీధిలో ఇల్లిల్లూ తిరిగి పంచాను. పంచడానికి వెళ్ళినప్పుడల్లా ఒక మరాఠీ మాట మూటగట్టుకొచ్చేదాన్ని. ఇంటావిడ పప్పులో వేసుకుని తిని, "మంచిగున్నది గని, ఇది గూడ ఆకే," అని గుర్తు చేసింది.

కాయ కూడా వచ్చింది. దిబ్బల మీద మళ్ళీ వేసిన బెండ పూత పూసి, ఓ ఉదయం వేలెడు కాయలు నాలుగు కనిపించాయి. పరుగెత్తి వెళ్ళి ఇంటావిడ తలుపు కొట్టాను. ఆవిడ తల దువ్వుకుంటోంది. జడ ముడేసి, చెప్పులు వెతుక్కుని, దారిలో పెద్దాయనకు మందు ఇచ్చి, మెల్లగా వచ్చింది. వచ్చేసరికి గోడ మీద నాలుగు కొండముచ్చులు కూర్చుని ఉన్నాయి. అడవి దగ్గర ఊరు, అప్పుడప్పుడూ గుంపుగా వస్తాయి. అన్నిటికన్నా పెద్దది నా ఆఖరి బెండకాయను తొడిమతో సహా నములుతూ, మా ఇద్దరినీ తీరుబడిగా చూసింది.

"అగో! అదేనా నీ కాయ?" అంది ఇంటావిడ.

"ఇప్పటిదాకా చెట్టునే ఉందండీ! ఒట్టు!"

"చెట్టుకు నిలబడాలె అన్న. కొండెంగ చేతుల కాదు." నా ముఖం చూసి మళ్ళీ తనే, "ఏడవకే బిడ్డా. దసరాకు ఇంకా దినాలున్నయి," అని వెన్ను తట్టింది. గెలిచేవాళ్ళు ఓదార్చడం ఎంత చిరాగ్గా ఉంటుందో!

బెండలు మొదలంటా పోయాయి. ఇక నా ఆశంతా గుమ్మడి మీదే. నూగున్న ఆకులు కొండముచ్చులకు నచ్చలేదు కాబోలు, దాని జోలికి పోలేదు. తీగ గోడంతా పరుచుకుంది. రోజూ పొద్దున బంగారు రంగు పూలు, ఇత్తడి గిన్నెల్లా విచ్చుకునేవి. అన్నీ మగపూలు. సన్నటి కాడ, కింద పిందె లేదు. ఆడపువ్వు వస్తే మొగ్గ కిందే గుండ్రంగా పిందె కనిపిస్తుంది. వచ్చిన రెండు మూడూ వానకు తడిసి, పసుపుబారి రాలిపోయాయి. పితృపక్షం వెళ్ళింది. మేస్త్రీ వచ్చి టేపుతో పెరడు కొలుచుకుని వెళ్ళాడు. అతను కొలుస్తున్నంతసేపూ నేను గుమ్మడి తీగకు అడ్డంగా నిలబడ్డాను.

నవరాత్రుల్లో ఒక ఆడమొగ్గ కనిపించింది. కింద గోలీకాయంత పిందె, లేత ఆకుపచ్చ. నేను ఇంటావిడను తీసుకొచ్చి చూపించాను. ఆవిడ వంగి చూసి, "పువ్వు విచ్చుకొని నిలబడితే ఒప్పుకుంట," అంది. అంతకన్నా న్యాయం ఏం కావాలి? మా వైపు చేసినట్టే పువ్వు విచ్చుకున్న పొద్దున మగపువ్వు తెంపి రేకులు తీసేసి, పుప్పొడి స్వయంగా అద్దితే పిందె నిలబడి తీరుతుంది. తేనెటీగలను నమ్ముకోవడమెందుకు? మొగ్గకు చుట్టూ పాత చీర ముక్క కట్టి కాపలా కాశాను.

అది సద్దుల బతుకమ్మ నాటి తెల్లవారుజామున విచ్చుకుంది. దసరాకు ముందొచ్చే ఆ పండగను నేను టీవీలో చూడటమే తప్ప దగ్గరగా ఎరగను. నేను మగపువ్వు చేతిలో పట్టుకుని తీగ దగ్గరికి వెళ్ళేసరికి ఇంటావిడ పెద్ద ఇత్తడి తాంబాళం పట్టుకుని వచ్చింది. స్నానం చేసి, తలారబోసుకుని ఉంది.

"బిడ్డా, గుమ్మడాకులు కావాలె. బతుకమ్మ కింద పరుస్తం. పువ్వులు గూడ."

"ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి పెద్దమ్మా!" నిజంగా సంతోషంగానే అన్నాను. మగపూలు ఎలాగూ రాలిపోయేవే. నేనే కోసి ఆవిడ తాంబాళంలో పోశాను. ఆవిడ ఒక్కొక్కటే సర్దుకుంది. వెళ్ళలేదు. కాసేపటికి ఆ ఒక్క ఆడపువ్వు వైపు చూపించింది.

"గదిగూడ కావాలె."

"అది కాదండీ, అది కాయ!"

"అదే గౌరమ్మ," అంది ఆవిడ. "పువ్వులన్నీ పేర్చినంక మీద గౌరమ్మను పెడ్తం. కొందరు పసుపుతోని చేస్తరు. మా ఇంట్ల గుమ్మడి పువ్వే, పిందెతోని. పెండ్లయి ఈ ఊరికి వచ్చినప్పటి సంది ఒక్క ఏడు తప్పలే. మా ఆయన డ్యూటీ దిగి, సైకిల్ మీద కోఠారి ఊరు దాంక పోయి చేన్ల కెల్లి తెచ్చేటోడు. మోకాళ్ళు పోయినంక మా చుట్టాలు తెచ్చిచ్చేది. నిన్నటి వానకు వాగు పొంగి ఎవలూ రాలే. బజార్ల మొత్తం చూసిన. దొరకలే."

నాకు కోపం నెత్తికెక్కింది. "ఇది తెంపేస్తే నా కాయేదండీ? షరతు పెట్టింది మీరే! కాయ చూపించమంది మీరే! ఇప్పుడు మీరే వచ్చి దాన్ని తెంపుకుపోతానంటే ఎలా? రేపు దసరా వెళ్ళగానే మేస్త్రీని పిలిచేది ఎవరు, నేనా?" గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. మా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, నా ముఖం చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. సరే, గచ్చు వద్దులే, పువ్వు ఇవ్వు అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు. నేను దానికే ఎదురుచూశాను. అనలేదు. "షర్తుకు దీనికి ఏం లెక్క? పండుగ పూట బేరం చేస్తనా నేను?" అంది. "ఇస్తె ఇయ్యి, లేకుంటె లే. పసుపుతోనే చేస్త." తాంబాళం ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

నాలాంటిదే. ఆ సంగతి అప్పుడే తెలిసింది నాకు, ఆ వీపు చూస్తుంటే. పంతం కోసం పండగనైనా వదులుకుంటుంది కానీ అడుక్కోదు. ఇంట్లో ఆ పెద్దాయన కుర్చీలో కూర్చుని సైకిల్ తొక్కలేని కాళ్ళ వైపు చూసుకుంటూ ఉంటారు ఈపాటికి. ఒక చేతిలో నా మగపువ్వు, పుప్పొడి వేళ్ళకు అంటుకుంది. ఇంకో చెయ్యి ఎలా వెళ్ళిందో తెలియదు, ఆ పిందెను తొడిమతో సహా పుటుక్కున తుంచేశాను. "పెద్దమ్మా!" అని అరిచాను. ఆవిడ తిరిగింది. తాంబాళంలో పూల మధ్యలో దాన్ని పెట్టాను. ఏడుపు ఆగలేదు. సిగ్గు కూడా వేయలేదు. ఆవిడ పుప్పొడి అంటిన నా వేళ్ళను తన కొంగుతో తుడిచి వెళ్ళిపోయింది.

పగలంతా నేను పెరటి తలుపు తీయలేదు. "పోనీలే, ఈసారి కుండీల్లో పెంచుకుందువు," అన్నారు మా ఆయన. కుండీల్లో గుమ్మడి ఎక్కడైనా పెరుగుతుందా? ఆయనది గుమస్తా బుద్ధి, ప్రేమతో అన్నారని ఊరుకున్నాను.

సాయంత్రం వీధంతా నిండిపోయింది. ఒక్కొక్క ఇంట్లోంచి ఒక్కొక్క బతుకమ్మ వచ్చింది, తంగేడు, గునుగు, బంతి వరసలుగా పేర్చి. పక్క సందులోని మరాఠీ ఆడవాళ్ళు కూడా పట్టుచీరలు కట్టుకుని వచ్చి నిలబడ్డారు. మా ఇంటావిడ బతుకమ్మ అందరిదానికన్నా ఎత్తుగా ఉంది. అడుగున నా గుమ్మడాకులు, చుట్టూ నా గుమ్మడిపూలు, శిఖరాన పసుపు కుంకుమలు పెట్టుకుని నా పిందె. పెద్దాయన గుమ్మంలో కుర్చీ వేయించుకుని దాన్నే చూస్తున్నారు. నేను ఇన్ని రోజులుగా దాన్ని కూరకు సరిపోతుందా లేదా అనే చూశాను. అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

ఆడవాళ్ళు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు. నేను గోడ వారన నిలబడ్డాను. ఎదురింటామె చప్పట్లు కొడుతూనే మా ఇంటావిడను అడిగింది. "గౌరమ్మ పువ్వు ఏడ దొరికిందక్కా? వాగు దాటి పోయిండ్రా ఏంది?"

"ఏడికి పోలే. మా పెరట్లదే. మా పిల్ల పండిచ్చింది," అంది మా ఇంటావిడ, నా వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ.

"మీ పెరట్లనా? గదంత గచ్చు చేపిస్త అంటివి గద! మేస్త్రీ గూడ వచ్చి పాయె."

ఆవిడ చప్పట్లు ఆపలేదు, అడుగు తప్పలేదు. వీధంతా వినేటట్టు అంది, "గచ్చు మీద గౌరమ్మ మొలుస్తదా ఏందే?"

నా కళ్ళు మసకబారాయి. అంత సంతోషం నాకు ఆ ఊళ్ళో అదే మొదటిసారి. పాట రాదు, అడుగు తెలియదు, అయినా వెళ్ళి ఆవిడ పక్కన వలయంలోకి దూరాను. అందరూ వంగి చప్పట్లు కొడుతుంటే నేను నిటారుగా నిలబడి కొడుతున్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "గట్ల కాదు బిడ్డా, వంగాలె," అంది. నవ్వుతూ వంగాను.